ప్రిన్సిపాల్ గారి నెత్తిమీద గెంతులు

డ్రిల్లు నేర్పడానికి కూడా అంత చదువు కావాలా అని మా తెలుగు చర్చిలో ఒక పెద్దావిడ నన్ను చూసినప్పుడల్లా నవ్వేది. నవ్వనీ! గుంటూరులో డ్రిల్లు టీచరుగా చేసి, ఎనభైల మొదట్లో డెట్రాయిట్ పక్కన ఒక కాలేజీలో కాబోయే టీచర్లకి పాఠం చెప్పే ఉద్యోగం సంపాదించుకున్నాను. పొద్దుటినుంచీ కుర్చీలకి అతికించేస్తే పిల్లల బుర్ర పనిచేయదు, లెక్కలైనా సరే లేపి, గెంతించి చెప్పండి అనేదే నా పాఠమంతా.

నా స్టూడెంట్లు ప్రాక్టీస్ చేసేది దగ్గర్లో ఉన్న ఒక ప్రైమరీ స్కూల్లో, మేడమీద రెండో తరగతిలో. నేలమీద టేపుతో గీతలు వేసి అంకెలు రాశాం. మూడు మీద నిలబడ్డ పిల్ల నాలుగు కలపాలంటే నాలుగు గెంతులు గెంతి ఏడు మీదకి చేరాలి. పిల్లలకి పండగే. నా ఖర్మ కొద్దీ సరిగ్గా ఆ గది కిందే ప్రిన్సిపాల్ గారి ఆఫీసు. ఒకరోజు ఆయన రొప్పుతూ పైకొచ్చి, “ఇంకోసారి నా సీలింగ్ దడదడలాడిందంటే మీవాళ్ళు రానక్కర్లేదు,” అన్నాడు. వేరే స్కూలేదీ మమ్మల్ని రానివ్వడం లేదు. ప్రాక్టీసు లేకపోతే కోర్సే తీసేస్తామని కాలేజీలో ముందే చెప్పేశారు.

ఆ ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకున్నానే గానీ ప్రార్థన మీద ధ్యాస లేదు. గుమ్మం దగ్గర బూట్లు వదిలేసి దుప్పట్లమీద కూర్చునే అలవాటు మావాళ్ళు అమెరికా వచ్చినా మానలేదు. వెనకాల పిల్లలు వట్టి కాళ్ళతో పరుగులు పెడుతున్నారు. చప్పుడే లేదు! ఇదేదో బాగుందే అనుకున్నాను.

సోమవారం అందరి బూట్లూ విప్పించి గుమ్మం బయట పెట్టించాను. చర్చి దగ్గరలాగే ఒకటే గుట్ట. పిల్లలు మేజోళ్ళతో మునివేళ్ళమీద దిగుతూ, మోకాళ్ళు వంచుతూ పిల్లుల్లా గెంతారు. నేను మురిసిపోతుండగానే ఫైర్ డ్రిల్ బెల్ మోగింది, అంటే నిప్పంటుకున్నట్టే అందరూ తక్షణం బయటికి పోవాలి. ఇక చూడండి నా అవస్థ! ఆ గుట్టమీద ఒకరిమీద ఒకరు పడి, లేచి, చివరికి మేజోళ్ళతోనే మంచులో నిలబడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది. ప్రిన్సిపాల్ అరవలేదు, అందుకే ఇంకా భయమేసింది. “ఇక చాలు,” అన్నాడంతే.

చాలంటే ఊరుకుంటానా? “శుక్రవారం ఒక్క క్లాసు చేయనివ్వండి. బూట్లతోనే. మీకు వినపడితే మళ్ళీ మీ గుమ్మం తొక్కను,” అన్నాను. సరేనన్నాడు.

కార్లో నా స్టూడెంటు ఒకమ్మాయి ఒకటే ఏడుపు. “బూట్లతో ఎలా కుదురుతుంది ప్రొఫెసర్?”

“కాళ్ళు అవేగా అమ్మా. మేజోళ్ళతో ఎలా దిగారో చూశావుగా, బూట్లతోనూ అలాగే దిగడం నేర్పుదాం.”

సాయంత్రం కాలేజీ జిమ్‌లో కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, స్నో బూట్లతో ముందు నేనే గెంతాను. మా అమ్మాయిలు పడీ పడీ నవ్వారు. తరవాత వాళ్ళ వంతు. నేను వెనక్కి తిరిగి నిలబడి వినేదాన్ని. చప్పుడొస్తే మళ్ళీ. మోకాళ్ళు పట్టేశాయంటే, పట్టేయనీ, మళ్ళీ.

శుక్రవారం క్లాసు ఆ ఏడ్చిన అమ్మాయికే ఇచ్చాను. పిల్లలకి ముందు దిగడం నేర్పింది, తరవాతే గెంతడం. తరగతంతా గెంతుతోంది, నేను మాత్రం తలుపు వైపే చూస్తున్నాను. చివరికి తలుపు తెరుచుకుంది. ప్రిన్సిపాల్ గడియారం చూసుకుంటూ, “ఇంకా మొదలుపెట్టలేదా?” అన్నాడు.

అయిపోవచ్చిందన్నాను. నమ్మలేదు. ఒక చిన్నపిల్ల ఆయన చెయ్యి పట్టి లాక్కెళ్ళి మూడు మీద నిలబెట్టింది. ఆయన గెంతాడు. కిటికీ అద్దాలు అదిరాయి.

క్లాసు క్లాసంతా మూతిమీద వేలు పెట్టుకుని, “ష్!” అంది.