సునీత గారికి ముందుగా వచ్చిన హక్కు

మిర్చి సీజన్లో మా వీధివాళ్ళం కిటికీలు తెరిచి ఉంచలేం. మిర్చి మార్కెట్ యార్డుకి వెళ్ళే లారీలు బారులు తీరితే ఘాటు ఇంట్లోకి వచ్చేస్తుంది. ఈ ఉదయం దగ్గుతూ లేచి కిటికీ మూస్తుంటే సునీత గారు గుర్తొచ్చారు. మా కాలేజీ బస్సు యార్డు దాటేటప్పుడు అందరం ముక్కులు మూసుకునేవాళ్ళం. ఆవిడ మాత్రం కొంగు మొహానికి చుట్టుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎవరిదో కోడ్ చదువుతూ ఉండేవారు.

పెదకాకాని దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇద్దరం కంప్యూటర్ పాఠాలు చెప్పేవాళ్ళం. ఆవిడ ప్రత్తిపాడు నుంచి వచ్చేవారు. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే భాషలోకి మార్చేది కంపైలర్. ఎవరైనా చూసి బాగుచేయగల ఓపెన్ సోర్స్ కంపైలర్ ఒకదానికి నేను అప్పటికే చాలాకాలంగా సవరణలు పంపుతున్నాను. వాటినే ప్యాచ్‌లంటారు. ఎవరి అనుమతీ అడగకుండా వాటిని నేరుగా చేర్చే హక్కు కమిట్ యాక్సెస్. దాన్ని కొద్దిమందికే ఇస్తారు. నేను అడిగితే, ప్రాజెక్టు నడిపేవాళ్ళు ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్నారు. సునీత గారికి ఆ ప్రాజెక్టు చూపించింది నేనే. ఆవిడ అక్షర దోషాలు దిద్దడంతో మొదలుపెట్టారు. ఇతరుల ప్యాచ్‌లు సరిగా పనిచేస్తున్నాయో లేదో తేల్చే పరీక్షలు రాసిపెట్టేవారు. అవన్నీ చిల్లర పనులని నా ఉద్దేశం.

ఒకరోజు క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని, "నాకు కమిట్ యాక్సెస్ ఇచ్చారు సార్. మొదట మీకే చెబుతున్నాను" అన్నారు. చాలా సంతోషం మేడమ్ అన్నాను. చేతిలో టీ ఎప్పుడు చల్లారిందో తెలియలేదు. క్లాసుకి వెళ్ళి బోర్డు మీద ఏదో రాశాను కానీ మనసంతా ఒకే లెక్కలో ఉంది: నేనెప్పుడు మొదలుపెట్టాను, ఆవిడ ఎప్పుడు మొదలుపెట్టారు. ప్రాజెక్టు పేజీలో ఆవిడ పేరు పక్కన ఆ హక్కు తెలిపే గుర్తు కనబడిందేమోనని రోజూ వెతికేవాణ్ణి. కనబడ్డ రోజున అన్నం సహించలేదు.

తర్వాత నేనెంతో గర్వంగా పంపిన ప్యాచ్ ఆవిడ పరిశీలనకే వచ్చింది. లూప్‌లో, అంటే పదేపదే తిరిగే భాగంలో, ప్రతిసారీ జరిగే భాగహారాన్ని లూప్ మొదలవకముందే ఒక్కసారి చేసేలా మార్చాను. ఆవిడ దాని కింద, అందరూ చదివేచోట, ఒకే ప్రశ్న రాశారు: "లూప్ ఒక్కసారి కూడా తిరగకపోతే?" అసలు జరగనక్కరలేని భాగహారం అప్పుడు కూడా జరుగుతుంది. భాజకం సున్నా అయితే, అంతవరకూ సవ్యంగా నడిచే ప్రోగ్రాం కుప్పకూలుతుంది. ఆ సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "నాతో ఇక్కడే చెప్పొచ్చుగా మేడమ్? అందరి ముందూ ఎందుకు?"

ఆవిడ నొచ్చుకోలేదు. "మీకొక్కరికే చెబితే, రేపు ఇదే పని చేయబోయేవాళ్ళకి ఎలా తెలుస్తుంది సార్? నా తప్పులూ అక్కడే ఉన్నాయి, చూడండి."

ఇంటికెళ్ళి చూశాను. నిజమే. ప్రాజెక్టులో సీనియర్లు తిప్పిపంపిన ఆవిడ ప్యాచ్‌లు బోలెడు. ప్రతిదాని కిందా ఆవిడ జవాబు: అర్థమైంది, మారుస్తాను. ఎక్కడా సమర్థించుకోవడం లేదు. అవి చదివితే నా మంట చల్లారాలి. కానీ పెరిగింది. హక్కు సంగతి అటుంచితే, ఎవరైనా తప్పు పట్టినా ఆవిడ అంత హాయిగా ఉండగలగడం చూసి ఓర్వలేకపోయాను.

ఆ ప్యాచ్‌ను మళ్ళీ రాశాను. ఆవిడలాగే ఇతరుల పని చదవడం, పరీక్షలు రాయడం మొదలుపెట్టాను. అభిమానంతో కాదు, ఆవిడను మించాలని. చివరికి నాకూ కమిట్ యాక్సెస్ వచ్చింది. నా పేరు ప్రతిపాదించింది సునీత గారేనని ఆ సందేశంలోనే ఉంది. ఎగిరి గంతేయాల్సినవాణ్ణి ఆ వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను. అదైనా సొంతంగా దొరికితే బాగుండుననిపించింది.

ఆవిడ ఇప్పుడు ఒంగోలులో వేరే కాలేజీలో పనిచేస్తున్నారు. నేను మాత్రం ఎవరి ప్యాచ్ చూసినా, ఇది అసలు జరగకపోతే ఏమవుతుందని ముందు అడుగుతాను. నా పాత తప్పులు ఎవరికైనా చూపిస్తాను. ఇంత ఓపికగా చూడటం ఎవరు నేర్పారని కొత్తవాళ్ళు అప్పుడప్పుడు అడుగుతుంటారు. సునీత గారి పేరు టైపు చేయబోతే వేళ్ళు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాయి. ఆ తర్వాత పూర్తి పేరు రాస్తాను.