దవడకు ఆనించిన పలక

మొన్న మధ్యాహ్నం అన్నం తిని నడుము వాల్చబోతుంటే, మెడకు టై కట్టుకున్న కుర్రాడొకడు గేటు తీసుకుని వచ్చాడు. మార్కాపురం ఎండలో టై! భుజాన సంచి, సంచి నిండా ఫినాయిలు సీసాలు. ఊపిరి తీసుకోకుండా పాఠం అప్పజెప్పాడు. వద్దన్నాను. వాడు కదలలేదు. శనివారంలోగా నాలుగు సీసాలైనా అమ్మకపోతే ఉద్యోగం ఊడుతుందట. నేనూ ఒకప్పుడు ఊళ్లు తిరిగి సరుకు అమ్మినవాణ్ణని వీధి మొగలో ఎవరో చెప్పారట, ఏదైనా కిటుకు చెప్పమన్నాడు. సరే, చెప్పాను. కునుకు తీసే వేళ కొంపలు తట్టొద్దురా అబ్బాయీ అన్నాను. సీసా నీ చేతిలో పట్టుకుని ఊపకు, నా చేతిలో పెట్టు, చేతికొచ్చిన వస్తువును తిరిగివ్వడానికి ఎవరికైనా కాస్త మొహమాటంగానే ఉంటుంది అన్నాను. వాడు బుద్ధిగా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఇవన్నీ ఎవరు నేర్పారు సార్ అన్నాడు. మా చిన్నాయన అని చెప్పాను. ఆ చిన్నాయనకు నేనేం చేశానో మాత్రం చెప్పలేదు, వాడూ అడగలేదు.

అప్పటికింకా మద్రాసు గవర్నమెంటే. మాది కర్నూలు జిల్లా. గిద్దలూరు పక్కన మా పల్లెలో రెండేళ్లు వరసగా వాన మొహం చాటేసింది. నాయన ఎద్దులను కూడా అమ్మేసి, థర్డు ఫారం చదివి ఇంట్లో కూర్చున్న నన్ను చూసి పళ్లు కొరికేవాడు. ఒకరోజు నా బట్టలు మూటగట్టి చేతికిచ్చి, ఉద్యోగం దొరికేదాకా గడప తొక్కొద్దన్నాడు. ఊరికే అనే మనిషి కాదు ఆయన. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మార్కాపురంలో పలకలమ్మే షావుకారు దగ్గర పనిచేసే మా చిన్నాయన ఇంటికి వెళ్లి పడ్డాను. బళ్లో పిల్లలు రాసుకునే రాతిపలకలు అక్కడి గనుల్లోంచి తీసి, చెక్క చట్రాలు బిగించి ఊళ్లకు పంపేవాళ్లు. గిద్దలూరు నుంచి కంభం మీదుగా నరసరావుపేట దాకా రైలు దారిలో ఉన్న దుకాణాలకు, బళ్లకు ఆ పలకలు అమ్మడం మా చిన్నాయన పని. షావుకారుకు చెప్పి పదిహేను రోజులు నన్ను వెంట తిప్పుకుని పని నేర్పుతానన్నాడు.

ఆ మనిషి నేర్పడం మొదలుపెడితే చెప్పుదెబ్బలే నయం. దుకాణానికి పొద్దున్నే వెళ్లినందుకు ఒకసారి బజారులో అందరి ముందూ చెవి మెలేశాడు. బోణీ కాకముందు వెళ్తే ఏ కోమటీ మన మొహం చూడడట, అన్నం వేళ దాటాక వెళ్తే నిద్ర మొహంతో కసురుతాడట. ఆ రెండింటి నడుమ వెళ్లాలి. కూర్చోమనేదాకా కూర్చోకూడదు. మన ఆకలి సంగతి ఎత్తకూడదు, ఆకలిగా ఉన్నవాడి సరుకును జనం సగం ధరకు అడుగుతారు. అన్నిటికన్నా ముఖ్యం, కొనేవాడికి ఎదురుగా నిలబడి వాడి మొహం మీంచి చూపు తిప్పకూడదు. ఇవి కాక ఆయనకో విద్య ఉండేది. పలకను వేలి కణుపుతో కొడితే మంచిది ఖంగున మోగుతుంది, కంటికి కనపడని నెర్రె ఉన్నది బొదబొదమంటుంది. అందరూ చెవి దగ్గర పెట్టుకుని కొడితే ఈయన మాత్రం పలక అంచును దవడకు ఆనించి, కళ్లు మూసుకుని, టక్కున కొట్టి జాతకం చెప్పేవాడు. అది ఎంత గొప్పగా ఉండేదంటే, షావుకారు షెడ్డులో చట్రాలు బిగించే ఆడవాళ్లు కూడా నవ్వులాటకు అలాగే దవడకు ఆనించి కొట్టేవాళ్లు.

కంభం అవతల ఒక పల్లెలో మిషన్ బడి ఉండేది. కూలినాలి చేసుకునే వాళ్ల పిల్లలే అందరూ. పంతులుగారు వేరే ఊరి పలకలు కొనేవాడు, మా పలకల మొహమే చూడలేదు. చిన్నాయన గొడవపడలేదు. ముందు వరసలో కూర్చున్న పిల్లవాడి పలకను ముద్దుగా అడిగి తీసుకున్నాడు, దవడకు ఆనించి కొట్టాడు, తీసుకెళ్లి గడప రాతి మీద నెమ్మదిగా తట్టాడు. అది సరిగ్గా రెండు ముక్కలైంది. తర్వాత మా పలకను అదే రాతి మీద టపటపా కొట్టి చూపించాడు. పంతులు నలభై పలకలు రాయించుకున్నాడు. పిల్లవాడు ముక్కలు రెండూ ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. బయటికొచ్చాక, వాడికో పలక ఇచ్చి ఉండాల్సింది కదా అన్నాను. ఆయన నన్ను పురుగును చూసినట్టు చూశాడు.

"వాని పలక పగలకపోతే మన పలక ఎట్ల పోతాది? నీది మంచిదని నువ్వు చెప్తే ఎవురు నమ్ముతారు? పక్కోనిది యాడ పగులుతాదో చూపీ."

ఆ సాయంత్రం కంభం స్టేషన్లో బండి కోసం నిలబడ్డాం. మా వెనకే గూడ్సు ఇంజను వచ్చి ఆగి, ఒక్క పెట్టున కూత కూసింది. నేను ఎగిరిపడి చేతిలో చెంబు జారవిడిచాను. చిన్నాయన రెప్ప కూడా ఆర్పలేదు. ఎటో చూస్తూ ఏదో చెప్పుకుంటూ పోతున్నాడు. ఎదుటివాడి మొహం నుంచి చూపు తిప్పకూడదన్నది ఎందుకో, ఎవరినీ మాట్లాడనివ్వకుండా ఆయనే ఎందుకు వాగుతాడో అంతా నాకు ఒక్కసారి అర్థమైంది. కింద పడ్డ చెంబును, నా మొహాన్ని చూసి ఆయనకూ అర్థమైంది. వంగి చెంబు తీసి నా చేతికిచ్చాడు. తర్వాత, కుర్రతనంలో గనిలో మందు పేల్చే పని చేశాననీ, చెవులు కొద్దికొద్దిగా పోతూ వచ్చి ఎనిమిదేళ్లుగా దాదాపు ఏమీ వినపడటం లేదనీ, పెదాల కదలికను బట్టే మాట పోల్చుకుంటాననీ చెప్పాడు. మా చిన్నమ్మ అదంతా మొగుడి మొండితనమే అనుకునేది, పాపం! సంచిలోంచి పలక తీసి, నా చెవులు రెండూ మూసుకోమని, అంచును నా దవడకు ఆనించి కొట్టాడు. ఖంగుమన్న మోత ఎముకలోంచి తలంతా పాకింది. నేను ఆశ్చర్యపోతే పసివాడిలా నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను చూడటం అదే మొదలు.

"మీ చిన్నమ్మకు గూడా తెల్దు. నీకు తెలిసింది. నీ కాడనే ఉండనీ నాయనా" అన్నాడు.

పదిహేను రోజులయ్యాక నన్ను షావుకారు ముందు నిలబెట్టాడు. షెడ్డులో నాకేదో లెక్కించి కట్టలు కట్టే పని ఇప్పిస్తాడని ఆయన ఆశ, నా ఆశ కూడా అదే. షావుకారు తమలపాకు నముల్తూ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. షెడ్డులో చోటు లేదన్నాడు. రైలు దారికి ఒక్కడు చాలన్నాడు. ఆ ఒక్కడు ఎవడో ఇప్పుడే తేలుద్దామని నవ్వాడు. దుర్మార్గుడికి అదొక సరదా. చిన్నాయన ఆయనకెదురుగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు, నేను చిన్నాయన వెనక నిలబడి ఉన్నాను.

"మీ చిన్నాయన ఇరవయ్యేండ్లుగా చేస్తాండాడు. ఆయన చేయలేంది నువ్వేం చేస్తావబ్బా?"

ఉద్యోగానికి వెళ్లిన ప్రతివాణ్ణీ ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న అడుగుతారు. నాకు పరుగెత్తడం వచ్చు, ఇంగ్లీషులో చిరునామా రాయడం వచ్చు. అవి చెప్పొచ్చు. కానీ నాకు నాయన కట్టిచ్చిన మూట కళ్ల ముందు కనపడింది. వెనక నుంచి మాట్లాడితే చిన్నాయనకు వినపడదన్నది కూడా ఆ క్షణంలో గుర్తుంది, అబద్ధమెందుకు. మామూలు గొంతుతోనే అన్నాను.

"పలకను దవడకు ఆనించకుండా చెప్పమనండయ్యా."

చిన్నాయనకు నా మాట వినపడలేదు. షావుకారు మొహంలో మార్పు మాత్రం చూశాడు. షావుకారు పక్కనున్న కట్టలోంచి ఒక పలక లాగి ఇచ్చి, దవడకు ఆనించొద్దని పెదాలు సాగదీసి చెప్పాడు. అది ఎవరు చెప్పించారో చిన్నాయనకు తెలిసిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. పలకను గాలిలో పట్టుకుని కొట్టాడు. అటు తిప్పి మళ్లీ కొట్టాడు. షెడ్డులో చట్రాలు బిగించే చప్పుడు ఆగిపోయింది. ఆ బొదబొద అందరికీ వినిపించింది, ఒక్క ఆయనకు తప్ప.

"మంచి పలక" అన్నాడు.

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. అది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. చిన్నాయన అందరి నోళ్ల వైపూ ఒకసారి చూసి పలకను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. లేచి, మచ్చుకు చూపించే పలకల సంచి తన భుజం మీంచి తీసి నా కుడి భుజానికి తగిలించాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి వచ్చి, దాన్ని ఎడమ భుజానికి మార్చాడు.

"కుడి చెయ్యి ఖాళీగుండాల. పలక కొట్టొద్దా?" అన్నాడు.

అంతే. మళ్లీ నాతో మాట్లాడలేదు. మర్నాటి నుంచి వీధిలో పిల్లలు ఆయన వెనక నిలబడి కూతలు పెట్టడం నేర్చుకున్నారు. ఎవరివో గొర్రెలు కాయడానికి పోయాడు. మెడలో గంటలు వినపడక అడవి అంచున నాలుగు పోగొట్టేసరికి అక్కడా మాన్పించారు. తర్వాత ఇంట్లోనే ఉండేవాడు, ఎవరొచ్చినా ఆయన ముందే ఆయన్ను గురించి మాట్లాడుకుని పోయేవాళ్లు. నేను ఆ దారిలో పాతికేళ్లు పలకలమ్మాను, నాయన ఇంటి గడప దర్జాగా తొక్కాను, బాగా అమ్ముతానని పేరు కూడా తెచ్చుకున్నాను.

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను తప్పు పడితే, ముసలాయన ఇంక ఎన్నాళ్లు తిరుగుతాడులే అని నోరు మూయించేవాణ్ణి. చిన్నాయనకు అప్పుడు నలభై ఏడేళ్లు. మా పెద్దవాడికి ఈ ఉగాదికి యాభై నిండాయి, నిన్న వాడు రైలు కదులుతుండగా పరుగెత్తుకెళ్లి ఎక్కితే, కుర్రవాడు కదా, ఎక్కగలడులే అనుకున్నాను.