సంపు నీళ్ల సంగతి

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెబుతున్నాను. నన్ను ఎరిగినవాళ్ల ముందు ఈ మాట అనే ధైర్యం నాకు లేదు.

ముందే ఒకటి చెప్పాలి. నేను చేసింది పొరపాటు కాదు. తెలిసి చేశాను. చేస్తున్నప్పుడు సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం గురించి దాచిపెడితే ఇదంతా రాసి ఏం లాభం?

పంజాగుట్టలో ఒక పరిశోధనశాలలో నా ఉద్యోగం. జనం తినే చట్నీలు, పెరుగు, కోసి అమ్మే పండ్లు, తాగే నీళ్లు తెచ్చి, వాటిలో మనిషిని మంచాన పడేసే బ్యాక్టీరియా ఉందా లేదా అని చూస్తాం. ఈ పనిలోకి నేను రావడానికి కారణం మా అక్క.

అక్క పేరు సువర్ణ. నాకంటే చాలా పెద్దది. మా ఊళ్లో మగ్గాలు ఆగిపోయాక నాన్న కుటుంబాన్ని తీసుకుని పట్నం వచ్చి, అమీర్‌పేటలో బట్టలు కుట్టే పనిలో చేరాడు. యూసుఫ్‌గూడలో ఒక గదిలో అద్దెకు ఉండేవాళ్లం. అక్క అమీర్‌పేట గల్లీలో ఒక క్యాటరింగ్ వంటశాలలో వంట చేసేది. దాని యజమానిని అందరూ రాజలింగం సేటు అనేవాళ్లు. అక్క చేసిన పుంటికూర పచ్చడి కావాలని చెప్పి మరీ ఆర్డర్లు ఇచ్చేవాళ్లు ఉండేవారు. ఆ సంగతి ఇంట్లో ఆమె ఎంత గర్వంగా చెప్పుకునేదో.

ఒకరోజు ఆ వంటశాల నుంచి భోజనం వెళ్లిన హాస్టల్లో కోచింగ్ పిల్లలు చాలామంది పడిపోయారు. వాంతులు, విరేచనాలు, ఒళ్లు కాలిపోయే జ్వరం. హాస్టల్ వాళ్లు, ఆ పిల్లల అన్నలు, తండ్రులు వచ్చి వంటశాల ముందు గొడవకు దిగారు. సేటు లోపలికి వెళ్లి మా అక్కను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆమె చేతులు పైకెత్తి, అందరికీ కనబడేలా తిప్పి, గీమె చేతులే ఖరాబు అన్నాడు. ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశాడు.

ఆ గల్లీలోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ వంటశాల వాళ్లూ ఆమెను తర్వాత గడప తొక్కనివ్వలేదు. ఇంట్లో కూడా మారిపోయింది. అన్నం వండేది కానీ వడ్డించేది కాదు, అమ్మను వడ్డించమనేది. నా కంచం ముట్టుకునేది కాదు. సబ్బుతో చేతులు రుద్దీ రుద్దీ వేళ్ల సందుల్లో చర్మం పగిలింది.

నేనప్పుడు డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నాను. నిజంగానే కొందరి ఒంట్లో ఇలాంటి జబ్బు తెచ్చే క్రిమి ఏ లక్షణమూ చూపించకుండా ఉండిపోతుంది, వాళ్ల చేతుల నుంచి తిండిలోకి వెళ్తుంది. అక్క అలాంటి మనిషేమోనని నాకూ అనుమానం వచ్చింది. అవును, నాకూ వచ్చింది. మా లెక్చరర్‌ని బతిమాలి పరీక్షలు చేయించాను. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఏమీ లేదు. అక్క ఒంట్లో ఏ పాపమూ లేదు.

ఆ రిపోర్టు పట్టుకుని సేటు దగ్గరికి వెళ్లాను. ఆయన చదవలేదు. నన్ను కూర్చోమన్నాడు. కోపంగా కాదు, బుద్ధి చెప్పే పెద్దమనిషిలా మాట్లాడాడు.

"మీ అక్క ఏం జెయ్యలేదని నాకు ఎరికేనమ్మా. నాకు ఎరికలేదా?"

"మరి ఎందుకట్లన్నరు?"

"గంత మంది వచ్చి మీదవడితె ఎవలనో ఒకలను సూపెట్టాలె గదా. మీ అక్క ముంగట ఉన్నది, సూపెట్టిన. గంతే. నువ్వు సదువుకున్నదానివి, సదువుకో. గీ కాగితాలు ఎవ్వలు సూస్తరు?"

టీ తాగి వెళ్లమన్నాడు. నేను లేచి వచ్చేశాను. ఆయన అబద్ధమాడి ఉంటే, నిజంగా మా అక్క చేతులదే తప్పని నమ్మి ఉంటే, బహుశా ఎప్పటికైనా మరిచిపోయేదాన్ని. ఆయనకు తెలుసు. తెలిసి చేశాడు. ఆ రోజు నుంచి ఆయన కూలిపోవడం చూడాలన్న కోరిక నాలో ఏ పరీక్ష రాసినా, ఏ ఉద్యోగంలో చేరినా చల్లారలేదు. దేవుణ్ణి కూడా అదే అడిగాను. మంచి ఏదీ అడగలేదు.

ఏళ్లు గడిచాయి. మా పరిశోధనశాలకు అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల వంటశాలల్లో పచ్చి చట్నీలు, నీళ్లు పరీక్షించే ప్రాజెక్టు వచ్చింది. వంటశాలల పేర్లు బయటపెట్టం. కానీ ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఉన్నట్టు అనుమానం వచ్చినా సరే, ఆ వంటశాలకు వెంటనే ఫోన్ చేసి చెప్పాలి. అది మా పరిశోధనశాల నడిపే మేడమ్ పెట్టిన నియమం. ఆ ఫోన్లు చేసే బాధ్యత నాది.

సేటు వంటశాలకు నేనే వెళ్లాను. వేరే ఎవరినైనా పంపి ఉండొచ్చు. ఎందుకు పంపలేదు? ఆయన ముఖం చూడాలనుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. మేడమ్ మేడమ్ అంటూ కుర్చీ వేయించాడు. జుట్టు తెల్లబడింది. పుదీనా చట్నీ తీసుకున్నాను. నేలలో కట్టిన సంపులోంచి నీళ్లు తీసుకున్నాను. ఆ సంపు పక్కనే, చేతికి అందేంత దూరంలో, మురుగు పారే మోరీ పైపు పోతోంది. సంపు అంచున సిమెంటు పగిలి తడిగా ఉంది. ఆ చట్నీ రుబ్బేది ఆ నీళ్లతోనే. అక్క అక్కడ పనిచేసిన రోజుల్లోనూ ఆ సంపే.

బయల్దేరుతుంటే సేటు వెంట వచ్చాడు. "ఆదివారం యూసుఫ్‌గూడల పెద్ద ఫంక్షన్ ఉన్నది మేడమ్. ఏమన్న ఉంటె జర ముందుగల్ల చెప్పుండ్రి" అన్నాడు. తప్పకుండా చెబుతానన్నాను. నవ్వుతూ అన్నాను.

శుక్రవారం ఇంక్యుబేటర్ తెరిచాను. పరీక్షకు వాడే పళ్లేలు ఎర్రగా ఉంటాయి. సాల్మొనెల్లా పెరిగితే వాటి మీద నడుమ నల్లటి బొట్టుతో చుక్కలు లేస్తాయి. చట్నీ పళ్లెంలో ఉన్నాయి. నీళ్ల పళ్లెంలో ఇంకా ఎక్కువగా ఉన్నాయి. అక్క నిర్దోషి అని నా కళ్ల ముందు రాసిపెట్టినట్టుంది. అప్పుడు నేను అక్క గురించి ఎంతసేపు ఆలోచించాను? నిజం చెప్పాలంటే, క్షణం. ఆ తర్వాతంతా సేటు గురించే.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఏమవుతుంది? ఆయన చట్నీ పారబోస్తాడు. ట్యాంకర్ నీళ్లు తెప్పిస్తాడు. సంపు కడిగిస్తాడు. ఫంక్షన్ బాగా జరుగుతుంది. నాకు దండం పెడతాడు. ఆయన పరువును నా చేతులతో నేనే కాపాడినట్టవుతుంది. చేయకపోతే? చేయకపోతే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ పట్నంలో ఎంతమంది ఉంటారు? నా చదువంతా అదే కదా.

ఆ పళ్లేలను మిగతావాటి వెనక్కి జరిపాను. ఫలితాలేమైనా వచ్చాయా అని మేడమ్ అడిగితే, ఒకటి సరిగ్గా పెరగలేదు, మళ్లీ చేస్తున్నానని చెప్పాను. ఆమె నన్ను నమ్మింది. నా మాటను అనుమానించే అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

శనివారమంతా ఫోన్ నా పక్కనే ఉంది. ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో చెబితే మీకు నా మీద కొంచెం జాలి కలగొచ్చు. కాబట్టి ఉన్నదే చెబుతాను. ఒక్కసారి కూడా తీసుకోలేదు. కడుపునిండా తిన్నాను. బాగా నిద్రపోయాను.

ఆదివారం ఒక అమ్మాయికి ఓణీల ఫంక్షన్. ఆ మర్నాటికల్లా ఆ విందు తిన్నవాళ్లు ఆసుపత్రులకు చేరడం మొదలైంది. ఆ అమ్మాయికి కూడా సెలైన్ ఎక్కించారు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నేను ఎన్ని రాత్రులు దాటానో. ఒక ముసలామె మాత్రం చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. తర్వాత ఇంటికి తీసుకెళ్లారని విన్నాను. ఎలా ఉందో అడగలేదు. అడిగితే ఆ వాక్యం నాకు మిగలదేమోనని భయం.

సోమవారం నేను మేడమ్ దగ్గరికి వెళ్లి, ఇప్పుడే ఫలితం వచ్చిందన్నాను. ఆమె తల పట్టుకుంది. ఒక్క రెండు రోజులు ముందు వచ్చి ఉంటే అంది. నేను తల ఊపాను. మా ఫలితం అధికారులకు వెళ్లింది. వాళ్లు వచ్చి సంపు చూశారు, పగులు చూశారు, వంటశాలకు తాళం వేశారు. ఆ తాళం మళ్లీ తీయలేదు. సేటు మీద కేసు పడింది. కట్టుకున్నదంతా పోయింది. ఆ గల్లీలో తలెత్తి నడవలేక ఎటో వెళ్లిపోయాడు. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. మూసిన ఆ షట్టర్‌ను చూడటానికి పనిగట్టుకుని అమీర్‌పేట వెళ్లాను. ఎదురుగా నిలబడి టీ తాగాను. అంత తియ్యటి టీ నేను ఎప్పుడూ తాగలేదు. ఆయన మీద నాకు ఇవాళ్టికీ జాలి లేదు.

కానీ తాళం పడటానికి ముందు ఒకటి జరిగింది. అధికారులు రాకముందే, ఆ అమ్మాయి బంధువులు వంటశాల మీదికి వచ్చారు. సేటు లోపలికి వెళ్లి వంట చేసే ఒక ఆడమనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆమె పేరు బాలమణి అని తర్వాత తెలిసింది. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. అందులో ఆమె మాట్లాడదు. అరచేతులు చాపి నిలబడి ఉంటుంది. చుట్టూ మనుషులు తిడుతుంటారు. ఒకతను ఆమె తల మీద కొడతాడు.

ఆ వీడియో నాకు చూపించింది అక్కే. ఎవరో ఆమె ఫోన్‌కు పంపారు. మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చుంది. సేటు పని అయిపోయిందక్కా అని చెప్పాను. క్రిమి సంపు నీళ్లలోనే ఉందని తేలింది, నీ తప్పు కాదని తేలిపోయిందని చెప్పాను. ఈ మాట ఆమెకు ఎప్పుడు చెబుతానా అని ఇన్నేళ్లు బతికాను. అక్క తల ఎత్తలేదు.

"గాయిన పోతే పోయిండు. గీమె ఏం జేసిందే?" అంది. వీడియో మళ్లీ మొదట్నుంచి పెట్టి, "జర ముందు తెల్వకపాయె మీకు" అంది.

నేను లేచి వంటగదిలోకి వెళ్లాను.

బాలమణి శ్రీనగర్ కాలనీ వెనక ఎక్కడో ఉంటుందని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాను. గది ఖాళీ చేసి వెళ్లిపోయారన్నారు. ఆ చేతుల ఆమెనా అని అడిగింది పక్కింటావిడ. సంపు సంగతి ఆమెకు చెప్పబోయాను. వినలేదు. ఆమె చూసిన వీడియో ఒకటే. బాలమణి తప్పు లేదని చెప్పే వీడియో ఎవరూ తీయలేదు. నేనైనా అందరి ముందూ నిలబడి చెప్పి ఉండొచ్చు. చెబితే, నీకు ఎప్పుడు తెలిసిందని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి ఆమెను అలాగే వదిలేశాను. సేటుకు జనమంటే భయం, ఆయన ఒకరిని చూపించాడు. నాకు ఒక ప్రశ్నంటే భయం, నేను నోరు మూసుకున్నాను. మా ఇద్దరిలో ఎవరి పాపం ఎక్కువ? ఆయన కనీసం నా ముందు నిజం ఒప్పుకున్నాడు, టీ ఇస్తూ.

మేడమ్‌కు చెప్పలేదు. అక్కకు చెప్పలేదు, చెప్పలేను. మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు. ఒక్కసారి, ఎవరికైనా, మెలికలు లేకుండా చెప్పాలనుకున్నాను. శుక్రవారం నాకు తెలుసు. శనివారమంతా తెలుసు. ఆదివారం వాళ్లు విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు కూడా తెలుసు. నేను చెప్పలేదు.