పిల్లిగద్ద దిగే బీడు

జూలూరుపాడు దాటాక బస్సు కిటికీలోంచి, చేల మీద తక్కువ ఎత్తులో తేలుతున్న బూడిదరంగు పక్షిని చూశాను. "పిల్లిగద్ద. చలికాలంలో ఉత్తరాన దూరదేశాల నుంచి వస్తుంది," అన్నాను పక్క సీటులోని నడివయసు ఆవిడతో.

"గంత దూరంకెళ్లా సారూ? మా ఇంటి పక్క బీడుల గిసొంటిదే దిగుతది. చెట్టెక్కదు, రాత్రి గడ్డిలనే పండుకుంటది. మా ఆయన పోయినంక నేనొక్కదాన్నే. పొద్దుగూకితే దానికోసమే వాకిట్ల కూసుంట. బీడు కౌలుకిచ్చిన. కౌలుదారేమో గడ్డి కాలవెడతా అంటడు."

"అది వెళ్లేదాకా ఆగమనలేకపోయారా?"

"ఫోన్ల అడిగిన. పిట్టకు కిరాయి ఎవలు కడతరక్కా అని నవ్విండు. బతిమాలుదామని ఇయ్యాల కారేపల్లిల వాళ్లింటికి పోయిన. లేడు."

ఆమె దిగే మలుపు దగ్గర, చేల వెనక పొగ లేస్తోంది. ఆమె దిగి అటే పరుగెత్తింది. ఆ పొగ ఎవరి బీడులోదో నాకు తెలియలేదు. సారపాక దాకా పక్క సీటు ఖాళీగానే ఉంది.