హారన్ కొట్టకుండా వచ్చిన డీజిల్ బండి

నిన్న పొద్దున సైట్‌కి డీజిల్ బండి వచ్చింది. హారన్ కొట్టలేదు.

స్టీరింగ్ దగ్గర నర్సన్న లేడు. ఎవరో కొత్త డ్రైవర్. మట్టెత్తే నా షవల్ ఇంజిన్ ఇంకా ఆపనే లేదు, ఆ మోతలోనే హిందీలో అరిచి చెప్పాడు. డ్యూటీకి రెడీ అవుతుంటే ఛాతీలో నొప్పి వచ్చిందట. రూమ్‌లోనే పోయాడట.

మా నర్సన్న!

నమ్మలేదు. ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్లకి చెప్తున్నా. ఈ అరబ్బు దేశంలో ఇబ్రి టౌన్ దాటాక కొండల్లో మా రోడ్డు పని. ఫోన్ సిగ్నల్ ఉండదు. షవల్, డోజర్, గ్రేడర్ ఎక్కడివక్కడే ఉంటాయి, డీజిల్ బండే వాటి దగ్గరికి రావాలి. టాంకర్ నింపుకోవడానికి రోజూ ఇబ్రి పోయేది నర్సన్న ఒక్కడే. అందుకే మా అందరి ఇళ్లలో ఆయన నంబర్ ఉండేది. డీజిల్‌తో పాటు ఇంటి కబురు కూడా ఆయనే తెచ్చేవాడు.

దానికో పద్ధతి ఉండేది.

మంచి కబురైతే దూరం నుంచే హారన్. నాకు బిడ్డ పుట్టిన రోజు కొండలన్నీ మోగించాడు. యాక్సిడెంట్ అనుకుని సేఫ్టీ ఆఫీసర్ ఉరికొచ్చాడు. "కుఛ్ నై సాబ్, ఇస్‌కో బేటీ హువా!" అని ఆయన చేతిలో ఇంత హల్వా పెట్టాడు. తిట్టడానికి వచ్చిన మనిషి తిని పోయాడు.

చెడ్డ కబురైతే హారన్ ఉండదు. ఇంజిన్ ఆపించేవాడు. దుమ్ము పడకుండా రుమాలు అడ్డం పెట్టి టాంక్ నింపేవాడు. మూత బిగించి, మన మెషిన్ తాళంచెవి తన జేబులో వేసుకునేవాడు. ఆ దుఃఖంలో మళ్లీ మెషిన్ ఎక్కుతామని ఆయన భయం.

"జర కూసో తమ్మీ. నీళ్లు తాగు."

ఆ తర్వాతే చెప్పేవాడు.

మా నాయన పోయిన సంగతి నాకు అట్లాగే తెలిసింది. షవల్ నీడలో నా భుజం మీద చెయ్యేసి కూర్చున్నాడు. వాకీటాకీలో ఫోర్‌మన్ డీజిల్ డీజిల్ అని ఒకటే గోల.

"మొత్తుకోనీ. గ్రేడర్‌కేమన్న ఆకలైతదా?" అని దాని గొంతు నొక్కేశాడు.

అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది నాకు.

నిన్న నర్సన్న ఇంటికి ఫోన్ చేసి చెప్తామని కంపెనీవాళ్లు అన్నారు. నేను వద్దన్నాను. ముక్కూమొహం తెలియనివాడు ఒక్క ముక్కలో చెప్పి పెట్టేస్తే ఆయన భార్య సుజాత వదిన ఏమైపోవాలి? అందరి ఇళ్ల కబుర్లూ అంత పదిలంగా మోసిన మనిషి. ఆయన ఇంటికి కబురు అట్లా పోకూడదు.

కొత్త డ్రైవర్ పక్కన కూర్చుని సిగ్నల్ వచ్చేదాకా పోయాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. వదిన ఫోన్ ఎత్తగానే ఒక్కటీ గుర్తు రాలేదు.

"వదినా... జర కూసో. నీళ్లు తాగు," అన్నాను.



"మీ అన్న గిట్లనే చెప్తడు గదా తమ్మీ అందరికి," అంది మెల్లగా. "ఇగ నువ్వేం చెప్పకు. నాకు సమజైంది."

ఇద్దరం ఫోన్ పెట్టలేదు. ఏడుస్తూనే ఉన్నాం.

పేపర్లు అవుతున్నాయి. నర్సన్నని ఇంటికి పంపే పనిలో ఉన్నాం.

అన్నా, మా అందరి దుఃఖాలూ మోసినవు. ఇగ డ్యూటీ చాలు.

జర కూసో. నీళ్లు తాగు.

నీ పానం సల్లగుండాలె.