చీటీ మీద గడియ

కాలరక్క ఉదయం ఎనిమిదింటికి కుట్టుమిషన్ ముందు కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా గొంతు తడుపుకోదు.

చొక్కాలు కుట్టే ఆ హాల్లో ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ల పేరు. కాలర్లు కుట్టే ఈమె కాలరక్క, పక్కన జేబుల పిన్ని, వెనక గుండీల వదిన. మొత్తం పదకొండు మంది ఆడవాళ్లకు ఒకటే మరుగుదొడ్డి. దాని తలుపుకు గడియ లేదు. ఒకరు వెళ్తే ఇంకొకరు బయట కాపలా నిలబడాలి. ఇద్దరు లేస్తే పని ఆగుతుంది, సూపర్‌వైజర్ గొంతు లేస్తుంది. ఆ తంటా ఎందుకని అందరూ నీళ్లే మానేశారు.

ఏడాదిలో మూడోసారి కాలరక్కకు మూత్రంలో మంట, చలిజ్వరం. ఇంకోసారి నాగా పెడితే మిషన్ మీద వేరే మనిషిని కూర్చోబెడతానని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

ఆస్పత్రిలో నర్సమ్మ పాత చీటీలు తిరగేసింది.

"రోజుకు మూడు లీటర్లు తాగమన్నాం కదా. తాగుతున్నావా?"

"తాగుతున్నానమ్మా. ఇంటికెళ్లగానే తాగేస్తా."

"మూడు లీటర్లూ ఒకేసారా?"

"ఎప్పుడు తాగాలో మీరు చెప్పలేదుగా. కడుపు కుండలా ఉబ్బి అన్నమే దిగట్లేదు."

నర్సమ్మ నవ్వు ఆపుకుని, పగలు ఎందుకు తాగవని అడిగింది. తలుపు సంగతి అప్పుడు బయటపడింది. అంతకుముందు రెండుసార్లూ మందులిచ్చినవాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు. నర్సమ్మ చీటీలో మాత్రల కంటే పైన "తలుపుకు లోపలి గడియ" అని రాసి, ముద్ర కొట్టింది.

"ఇది మందుల షాపులో దొరకదు. మీ సూపర్‌వైజర్‌కి ఇవ్వు."

నోరు తెరిచి అడగమంటే కాలరక్క చచ్చినా అడిగేది కాదు. ఆస్పత్రి చీటీ కాబట్టి ఇచ్చేసింది. సూపర్‌వైజర్ రెండుసార్లు చదివాడు.

"ఇన్నాళ్లూ ఒక్కరైనా చెప్పలేదే?"

"నీతో చెప్పుకునే మాటా నాయనా అది?" అంది జేబుల పిన్ని, కుట్టు మీంచి తల ఎత్తకుండా. "మీ ఇంట్లో తలుపుకి గడియ ఉందా లేదా, అది చెప్పు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. వడ్రంగికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికల్లా గడియ పడింది.

ఆ నెలలో జ్వరమని నాగా పెట్టినవాళ్లు ఏడుగురు. మరుసటి నెల ఇద్దరు. వాళ్లలో కాలరక్క లేదు.