గండి పూడ్చింది ఎవరు?

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు గండి కథ వచ్చేది. నేను పుట్టకముందు ఒక తొలకరిలో మా ఊరి పైనున్న కాలువగట్టు తెగిందట. నీళ్ళు ఊళ్ళోకి రాకుండా మా తాతయ్యే దగ్గరుండి తాటిదుంగలు దింపించి, బస్తాలు వేయించి, ఆ గండి పూడ్పించారట. ఊళ్ళో ఏ సభ జరిగినా మొదటి దండ ఆయనకే. ఆ కథలో ఎక్కడ గొంతు పెంచుతారో, ఎక్కడ కండువా దులుపుతారో నాకు కంఠతా వచ్చు. ఆయన మనవరాలినని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది.

నేను ఏడో తరగతిలో ఉండగా కొత్త సోషల్ మాస్టారు వచ్చారు. రాజుల యుద్ధాలు పుస్తకంలోనే ఉంటాయి, ఎక్కడికీ పారిపోవు, ముందు మీ ఊరి చరిత్ర తెలుసుకోండి, కళ్ళారా చూసినవాళ్ళను పిలుచుకు రండి అన్నారాయన. ఆ మాట పూర్తవకుండానే నేను లేచి నిలబడ్డాను. మా తాతయ్య ఉండగా ఇంకొకరెందుకు?

మర్నాడు తాతయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని బడికొచ్చారు. మాస్టారు బోర్డు మీద 'గండి పూడ్చినవారు' అని రాసి, దాని కింద ఖాళీ ఉంచారు. తాతయ్య ఎప్పటిలాగే అద్భుతంగా చెప్పారు. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని వింటుంటే నేను వాళ్ళ ముఖాలే చూస్తూ కూర్చున్నాను. అంతా విన్నాక మాస్టారు మెల్లిగా, అంత వానలో అన్ని బస్తాల్లోకి మట్టి ఎలా ఎత్తారండీ అని అడిగారు.

"మట్టెక్కడిదండీ, అంత టైమేదీ? ఇంట్లో విత్తనాల బస్తాలే వేసేశామండి. ధాన్యం తడిసి, ఉబ్బి, గండికి అడ్డంగా కూర్చుందండి" అన్నారు తాతయ్య.

ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు. మా ఇళ్ళల్లో విత్తనాల గది ఇల్లాలిది. తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆవిడ తలస్నానం చేసి, గడపకు పసుపు రాసి, మొదటి చేటెడు గింజలు తీసి ఇచ్చాకే మగవాళ్ళు విత్తనం ముట్టుకుంటారు. ఎంతటి మోతుబరైనా సరే, తనంతట తాను ఆ గది తలుపు తియ్యడు. రైతుల పిల్లలం, మాకందరికీ తెలిసిన సంగతే. అందుకే నేను చెయ్యెత్తి, "మరి నాయనమ్మ తాళం ఇచ్చిందా తాతయ్యా?" అని అడిగాను. తాళం ఎలా తీసుకున్నారో చెబితే కథ ఇంకా బాగుంటుందని నా ఆశ. ఎంత బుర్రలేనిదాన్ని!

తాతయ్య నా వంక చూశారు, మాస్టారి వంక చూశారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"ఈ పిల్ల ముందు ఇంక నా వల్ల కాదండి మాస్టారూ. ఆ రోజు నేను ఊళ్ళోనే లేనండి. మండపేటలో మిల్లు పనుందని ఇంట్లో చెప్పి యానాం పోయాను."

క్లాసంతా కిసుక్కుమంది. మందు చవగ్గా దొరికే యానాం మగవాళ్ళు ఎందుకు వెళ్తారో మా వైపు పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. తాతయ్య ఆ నవ్వు అయ్యేదాకా ఆగారు. "నేనొచ్చేసరికి పూడ్చేశారండి. గది తలుపు తీసింది మా ఇంటిది. బస్తాలు ఈడ్చింది మా వీధి ఆడవాళ్ళు. ధాన్యం మీది కదా అని జనం దండ తెచ్చి నా మెళ్ళో వేశారు. తీసేద్దామనే అనుకున్నానండి. తియ్యలేదు."

మాస్టారు ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. సుద్దముక్క తాతయ్య చేతికిచ్చారంతే. తాతయ్య తన నోట నేనెన్నడూ వినని నాయనమ్మ పేరు, ఆ ఖాళీలో వంకర టింకరగా రాశారు. దాని కింద మా వీధి ఆడవాళ్ళ పేర్లు రాయబోయి ఆగిపోయారు. ఫలానా వాళ్ళ అమ్మ, ఫలానా వాళ్ళావిడ అని తప్ప ఆయనకు ఒక్క పేరూ తెలియదు. ఆ పేర్లు కనుక్కురావడమే మాకు ఆ వారం హోంవర్కు అయింది.

ఇంటికొస్తుంటే తాతయ్య దారి పొడుగునా నాకు పది అడుగులు ముందే నడిచారు. నా నోటి దూల వల్లే ఆయన తల దించుకున్నారని నాకు ఏడుపొచ్చింది. ఆ ఉక్రోషం ఎవరి మీద తీర్చుకున్నానంటారా? ఇంకెవరున్నారు, నాయనమ్మ మీద. పెరట్లో అంట్లు తోముకుంటున్న మనిషి దగ్గరికి వెళ్ళి, "నీ వల్లే తాతయ్య పరువు పోయింది. ఆ సంగతేదో ముందే చెప్పి చావొచ్చుగా!" అని అరిచాను. అవును, ఆ మాటే అన్నాను.

నాయనమ్మకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"ఎవరైనా అడిగితే కదే చెప్పడానికి? రోజూ నా పక్కలోనే పడుకుంటావు, రాజు కథ చెప్పు, రాణి కథ చెప్పు అంటావు. నా సంగతి నువ్వు మాత్రం ఎప్పుడైనా అడిగావా?"

ఆవిడ పక్కన చతికిలబడి, ఆ రోజు నీకు భయం వెయ్యలేదా అని అడిగాను. నేను ఆవిణ్ణి ఆవిడ గురించి అడిగిన మొట్టమొదటి ప్రశ్న అదే.

"వేసిందే. నీళ్ళకి కాదు. విత్తనాలు నీళ్ళపాలు చేశానని మీ తాతయ్య వచ్చి చంపేస్తారేమోనని, దండ పడేదాకా వణికిపోయాను. దండ పడింది, ఇంక నన్నేమీ అనలేరు, బతికిపోయాననుకున్నాను. ఇంక అది ఎవరి మెళ్ళో పడితే నాకేంటి?"

పెద్దయ్యాక నేనూ సోషల్ టీచర్నయ్యాను. ఏ రాజు కోట గెలిచాడని చెప్పినా, ఆ రోజు అక్కడి ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏం చేశారు, ఎవరికి భయపడ్డారు అని నా క్లాసు పిల్లలతో అడిగించకుండా పాఠం ముగించలేదు. భలే చెబుతారు టీచరుగారూ అనేవారు తల్లిదండ్రులు. అలా అన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, ఇప్పటికీ అంతే. ఊరి పిల్లలందరికీ అడగడం నేర్పినదాన్ని, నన్ను పక్కలో వేసుకుని పడుకున్న మనిషిని అన్నేళ్ళు ఒక్క మాట అడగలేదు.